రెండు కంపైలర్లు, ఒక పదిహేడో తారీఖు

ఆ సోమవారం ఉదయం శివరామకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీకి వెళ్ళాలి. ఒక ఫైల్లో ఒక లైను మార్చాలి. పన్నెండున్నరకి క్యారేజీ విప్పుకుని పెరుగన్నం తినాలి. అతని పథకాలన్నీ ఇంతే. పెద్ద పథకాలు వేసుకున్నవాళ్ళు ఎంత ఎత్తు నుంచి పడ్డారో చూసి, తను మాత్రం గడప దాటేంత ఎత్తు కూడా ఎక్కకూడదని ముప్పయ్యో ఏటే నిర్ణయించుకున్నాడు. ఇప్పుడు నలభై ఆరు. ఇంతవరకు పడలేదు. ఎక్కనూ లేదు.

అతను భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ల మాస్టారు. పదహారేళ్ళుగా పిల్లల రికార్డు పుస్తకాల మీద ఎర్ర ఇంకుతో సంతకాలు పెడుతున్నాడు. నాలుగేళ్ళ కిందట, ఊళ్ళలో కాలేజీలు కూడా వాతావరణం మీద పరిశోధన చేయాలని ఢిల్లీలో ఎవరికో బుద్ధి పుట్టి, ఒక సంస్థ ద్వారా పదహారు కంప్యూటర్లు పంపించారు. పదహారు ఎడ్లను ఒకే బండికి కట్టినట్టు వాటన్నిటినీ కలిపి ఒకే పని చేయిస్తారు. దాన్ని క్లస్టర్ అంటారు. గోదావరి డెల్టాలో రాబోయే ముప్పయ్యేళ్ళూ ఎలాంటి వానలు పడతాయి, ఎలాంటి ఎండలు కాస్తాయి అని లెక్కకట్టే మోడల్ ఒకటి శివరామకృష్ణ దాని మీద నడుపుతున్నాడు.

ఆ గదిలో ఏసీ ఉంది గనక కాలేజీలో ఆ గది తెలియనివాళ్ళు లేరు. లోపల ఏం జరుగుతోందని మాత్రం ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని మొదటి ఏడు అతను పావుగంట జవాబు తయారుచేసుకున్నాడు. రెండో ఏడు దాన్ని అయిదు నిమిషాలకి కుదించాడు. మూడో ఏడు మూడు వాక్యాలు చేశాడు. నాలుగో ఏడు వచ్చేసరికి ఆ మూడూ మరిచిపోయాడు.

ఇంతలో ఉత్తరం వచ్చింది. అక్టోబరు పదిహేడు, శుక్రవారం, ముగ్గురు సభ్యుల కమిటీ వస్తుంది. ముప్పయ్యేళ్ళ లెక్క పూర్తిచేసి చూపించకపోతే క్లస్టర్‌ని రాజమండ్రిలో ఇంకో కాలేజీకి పంపించేస్తారు. ఉత్తరం చదివాక శివరామకృష్ణకి తన జీవితంలో మిగిలేది కళ్ళకి కట్టింది: రికార్డు పుస్తకాల దొంతర, ఎర్ర ఇంకు పెన్ను.

చిక్కల్లా కంపైలర్‌తో వచ్చింది. మనిషి రాసిన ప్రోగ్రాంని యంత్రం చేసే పనుల్లోకి దించేది కంపైలర్. ఇన్నాళ్ళూ వాడిన పాతది ఉచితంగా దొరికేది, మహా జాగ్రత్త మనిషి. దానితో ముప్పయ్యేళ్ళ లెక్కకి ఇరవై ఏడు రోజులు పడుతుంది. ఆ కంప్యూటర్ల చిప్పులు తయారుచేసిన కంపెనీదే కొత్త కంపైలర్ ఒకటుంది. ఆ చిప్పు గుట్టు దానికి తెలుసు. దానితో అదే లెక్క తొమ్మిది రోజుల్లో తేలుతుంది. ఆరో తారీఖు సోమవారం మొదలుపెడితే పదిహేనుకి చేతిలో ఉంటుంది. ఒక్క లైను మార్చాలి, అంతే.

"ఏంటండీ, అద్దం ముందు నవ్వుకుంటున్నారు?" అంది మీనాకుమారి, క్యారేజీ బిగిస్తూ.

"ఇవాళ కంపైలర్ మారుస్తున్నాను."

"మార్చండి. పదేళ్ళయి ఆ స్కూటర్ మార్చమంటున్నాను. మీ దగ్గర ఎవరికీ కనపడని వస్తువులే మారతాయి."

పన్నెండు కాకముందే లైను మార్చాడు. ఫ్యాన్లు ఒక్కసారి గొంతు పెంచాయి. పన్నెండున్నరకి మొదటి నెల లెక్క బయటికొచ్చింది. శివరామకృష్ణ పద్ధతి గల మనిషి. అంతకుముందు పాత కంపైలర్‌తో మూడు రోజులు నడిపి ఆపిన లెక్కను తెర మీద ఎడమ పక్కన, కొత్తదాన్ని కుడి పక్కన పెట్టాడు. తారీఖు, ఊరు, ఎన్ని మిల్లీమీటర్ల వాన. మొదటి ఏడెనిమిది రోజులూ రెండూ కవలపిల్లల్లా నడిచాయి. తర్వాత కొంచెం కొంచెం విడిపోయాయి. అక్టోబరు పదిహేడు, భీమవరం దగ్గర పాతది సున్నా చూపించింది. కొత్తది రెండు వందల పన్నెండు చూపించింది.

అతను కంగారుపడలేదు. లెక్కలో ఎక్కడో పదిహేనో దశాంశం దగ్గర వెంట్రుకవాసి తేడా వస్తే, పది రోజులు తిరిగేసరికి ఒకచోట ఎండ, ఒకచోట వాన అయి కూర్చుంటుంది. ఏ రోజు వాన పడుతుందో చెప్పడం ఆ మోడల్ పని కాదు. ముప్పయ్యేళ్ళ సగటు చెప్పడం దాని పని. ఆ విద్య తెలిసినవాళ్ళందరికీ ఇది తెలుసు. తెలియనివాడు ఆ గదిలో ఒకడున్నాడు. అతను ల్యాబ్ టెక్నీషియన్ ఏసురాజు. స్టూలెక్కి ఏసీ జల్లెడ కడగడానికి విప్పుతున్నాడు.

"సార్, పదిహేడున రెండొందల పన్నెండంటే మిల్లీమీటర్లేనా?" అన్నాడు పైనుంచి.

ఆ తెర మీది విషయం గురించి నాలుగేళ్ళలో శివరామకృష్ణని ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది. నోట్లో పెరుగన్నం ఉంది. మరిచిపోయిన మూడు వాక్యాలూ ఒక్కసారే గొంతులోకి వచ్చి ముద్దకి అడ్డంపడ్డాయి.

"మిల్లీమీటర్లే," అన్నాడు.

మిగతా సంగతి చేయి కడుక్కుని వచ్చి చెబుదామనుకున్నాడు. కడుక్కుని వచ్చేసరికి స్టూలుంది, జల్లెడ ఉంది, ఏసురాజు లేడు.

ఏసురాజు బావకి రెండెకరాల రొయ్యల చెరువుంది. రొయ్యల చెరువులో కుండపోత పడితే నీళ్ళలో ఉప్పదనం చప్పబడిపోతుంది, రొయ్య తేలిపోతుంది. అందుకని పెద్ద వాన కబురు తెలిస్తే, ఇంకో నెల పెరగాల్సిన రొయ్యని కూడా ముందే పట్టేసి ఐసులో పెట్టి పంపేస్తారు. సాయంత్రానికి బావ చెరువులో వల దిగింది. అది చూసి పక్క చెరువువాడు దింపాడు. వాడు ఎందుకు దింపాడో తెలియక ఆ పక్కవాడు దింపాడు. మంగళవారం పొద్దున్నకి పదకొండు చెరువులు. కాలేజీ వాతావరణం మిషను పదిహేడున వాన చెప్పిందన్న మాట అప్పటికి అత్తిలి దాకా వెళ్ళింది. వెళ్ళనిదల్లా ఆ మిషను నడిపేవాడి చెవికి.

మంగళవారం సాయంత్రం మీనాకుమారి మేనమామ బుల్లబ్బాయి వచ్చి వరండాలో కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే పక్కన పెట్టాడు. ఆయనవి ఆరెకరాల చెరువులు.

"అల్లుడుగారూ, బైటోళ్ళకి చెప్పి ఇంట్లోవాళ్ళకి చెప్పకపోవడం ఏంటండి?"

"ఏం చెప్పానండి?"

"పదిహేడున వాన."

"నేనేం చెప్పలేదు మావయ్యగారూ."

"మీరు చెప్పలేదు, మీ మిషను చెప్పింది. ఆయ్, తెలిసిందిలెండి. చుట్టాలకి చెప్పకూడదని రూలుంటుంది. గవర్నమెంటు మిషను కదా."

"అది వాన కాదండి. అలాంటి వాన పడగలదని ఒక... ఒక ఊహ."

బుల్లబ్బాయి జాలిగా చూశాడు. "ఊహించేవాడెవడైనా రెండొందలంటాడండి. రెండొందల పన్నెండని ఎవడూ ఊహించడు."

శివరామకృష్ణ అక్కడితో ఊరుకోవచ్చు. కానీ నిజాయితీ ఉన్నవాడికి మౌనం దురదపెడుతుంది. "మీకు ఇంకోటి కూడా చెప్పాలండి. అదే లెక్క పాత కంపైలర్‌తో చేస్తే పదిహేడున సున్నా వచ్చింది. చినుకు కూడా లేదు."

బుల్లబ్బాయి పక్కన పెట్టిన గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత దాన్ని ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు.

"పొద్దున్నే వల దింపి పట్టుబడి చేసేశానండి. ఆరెకరాలూ."

"అయ్యో."

"అయ్యో ఏంటండి? ఆ పాతది తప్పన్నమాట. పాతవన్నీ అంతే. మీ స్కూటర్లాగ." అంటూ లేచాడు. గుమ్మం దిగే వేళకి ఆయన మొహంలో అనుమానమే లేదు. నిన్నటిదాకా వాన అంటే భయపడ్డ మనిషి, వెళ్ళేటప్పుడు వాన పడి తీరాలని కోరుకుంటూ వెళ్ళాడు.

"మా మావయ్యకి మీరేం మందు పెట్టారండి?" అంది లోపలినుంచి మీనాకుమారి.

బుధవారం పదింటికి ఛైర్మన్ పిలిపించారు. గున్నేశ్వరరావు గారిది కాలేజీ ఒక్కటే కాదు, రొయ్యల మేత డిపో, ఐసు ఫ్యాక్టరీ కూడా. కాలేజీకి దక్షిణాన ఒకప్పుడు చెరువుగా ఉన్న పల్లపు చోటుని మట్టితో పూడ్పించి అక్కడ నాలుగంతస్తుల హాస్టల్ కట్టించబోతున్నారు. ఆ ప్లాను ఎప్పుడూ ఆయన బల్ల మీద పరిచి ఉంటుంది. మిగతా కాగితాలన్నీ దాని మీదే పెడతారు. శివరామకృష్ణ గతంలో పెట్టిన అర్జీలు కూడా. క్లస్టర్‌కి ఇంకో నాలుగు కంప్యూటర్లు కావాలని మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ కాగితం మీద టీ గ్లాసు మచ్చతో తిరిగొచ్చింది.

"మాస్టారూ, నిన్నటినుంచి ఐసు వ్యాన్లు మన ఫ్యాక్టరీ గేటు దగ్గర్నుంచి మెయిన్ రోడ్డు దాకా నిలబడ్డాయి. సంతోషం. అదే పదిహేడున మనకి కమిటీ. గ్రౌండులో షామియానా, భోజనాలు. ఇంతకీ వానుందా, లేదా?"

"కొత్త కంపైలర్ ఉందంటోందండి. పాతది లేదంటోంది. అసలు ఆ ప్రశ్న దాన్ని అడగకూడదండి."

"నేను బీకాం. మెల్లగా చెప్పండి."

శివరామకృష్ణ కుర్చీ అంచుకి జరిగాడు. "ఇద్దరు గుమస్తాలు ధాన్యం బస్తాలు తూస్తున్నారనుకోండి. ఒకడు ఒక్కో బస్తా తూచి, అంకె రాసుకుని, కూడుకుంటాడు. రెండోవాడు ఎనిమిదేసి బస్తాలు ఒకేసారి కాటా మీదికి ఎక్కిస్తాడు. పని గబగబా అవుతుంది. మొత్తంలో మాత్రం చిటికెడు తేడా వస్తుంది."

"ఆ చిటికెడు ఎవడు తిన్నాడు?"

"ఎవరూ తినలేదండి. అంకెలు సర్దుకోవడంలో వచ్చింది."

"మా డిపో గుమస్తా కూడా ఇదే చెప్పాడు. తీసేశాను."

ఎదుటి మొహంలో ఏమీ వెలగలేదు. పదహారేళ్ళుగా తరగతి గదుల్లో చూస్తున్న మొహమే అది. వయసు మాత్రం అరవై. అప్పుడు, ఎక్కడినుంచి ఊడిపడిందో తెలియదు, ఒక పోలిక అతని నోటికొచ్చింది.

"పోనీ పంచాంగం అనుకోండి. ఆకాశం ఒకటే. సూర్యుడూ చంద్రుడూ ఒకటే. లెక్క కట్టే పద్ధతి వేరైతే ఒక పంచాంగంలో పండగ సోమవారం వస్తుంది, ఇంకోదాంట్లో మంగళవారం వస్తుంది. కంపైలర్లూ అంతేనండి."

గున్నేశ్వరరావు గారి మొహం వెలిగింది. కనుబొమలు లేచాయి, పెదవులు విడ్డాయి, కుర్చీ వెనక్కి వాలింది. తను చెప్పింది ఒక మనిషి లోపలికి దిగడం శివరామకృష్ణ మొట్టమొదటిసారి చూస్తున్నాడు. ఆ సంతోషానికి కళ్ళు చెమర్చినంత పనైంది. తన ఉద్యోగంలో ఇంతకన్న పెద్ద తప్పు ఎప్పుడూ చేయలేదని తెలియడానికి ఇంకో అర నిమిషం పట్టింది.

"అలా చెప్పండి మరి. ఇంతసేపూ కాటాలంటారు, బస్తాలంటారు. అయితే మాస్టారూ, మన కాలేజీది ఏ కంపైలర్?"

"అంటే... అలా ఏముండదండి."

"ఎందుకుండదు? మా ఇంట్లో మొదట్నుంచీ పాత పద్ధతి పంచాంగమే. అందుకని కాలేజీకి పాత కంపైలర్. పదిహేడున వాన లేదు, షామియానా వేయించండి. ఐసు ఫ్యాక్టరీ మా తమ్ముడి పేరు మీదుంది. వాడి అత్తారిది కొత్త పద్ధతి. దానికి కొత్తది ఉంచుదాం. వాన ఉంది, ఐసు పట్టుకెళ్ళండి అని చెప్తారు."

గదిలోంచి బయటికొచ్చి శివరామకృష్ణ మెట్ల మీద కాసేపు నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ తనని ఎవరూ అర్థం చేసుకోవడంలేదని లోలోపల కుమిలాడు. ఆ కుములుడులో ఎంత హాయి ఉండేదో ఇప్పుడు తెలిసింది.

గురువారం నాటికి ఆ బస్తాల పోలిక, పంచాంగం పోలిక రెండూ ఊరంతా పాకాయి. కంపైలర్ అంటే ఏమిటని ఇంక ఎవరూ అడగడంలేదు, అందరికీ తెలిసిపోయింది. ఇడ్లీ బండి దగ్గర "మీరు పాతాండి, కొత్తాండి?" అనుకుంటున్నారు. రొయ్య పట్టేసినవాళ్ళందరూ కొత్త కంపైలర్ పక్షం. పట్టనివాళ్ళందరూ పాత కంపైలర్ పక్షం. ముందు వల దింపారు, నమ్మకం తర్వాత దానంతటదే వచ్చి చేరింది. చెరువులు లేనివాళ్ళు కులం, వీధి, పాత తగవులు చూసుకుని ఏదో ఒకదాంట్లో చేరారు. బుల్లబ్బాయి కొత్తపక్షానికి పెద్ద అయ్యాడు. ఎనిమిదేసి బస్తాలు ఒకేసారి తూచే మిషను అబద్ధమెలా చెప్తుందని అందరినీ నిలదీస్తున్నాడు.

ఆ మధ్యాహ్నం రత్నమాణిక్యం అనే పెద్దావిడ పళ్ళెంలో అరటిపళ్ళు, తాంబూలం పట్టుకుని, క్లస్టర్ గది బయట చెప్పులు విడిచి లోపలికొచ్చింది. పదహారు కంప్యూటర్లకీ కలిపి ఒకసారి దణ్ణం పెట్టింది.

"బాబూ, పదిహేడున మా మనవరాలి ఓణీల ఫంక్షను. మాకు పెరట్లో చేసుకోవాలనుంది. మా కోడలి పుట్టింటోళ్ళేమో వాన కురుస్తుంది, ఏసీ హాలు బుక్ చెయ్యండంటున్నారు. వాళ్ళు కొత్త కంపైలరంట. మాది పాతదేనని ఓ కాయితం మీద రాసిచ్చేయ్ నాయనా."

"అమ్మా, అది మన ఇష్టాన్నిబట్టి ఉండదండి."

"ఎందుకుండదూ? మా ఆయన బతికున్నన్నాళ్ళూ అన్నీ పాతవే వాడారు."

రాసివ్వలేదు. అయినా అరటిపళ్ళు పెట్టే వెళ్ళింది. ఆవిడ గేటు దాటగానే, రాసిచ్చాడని పాతపక్షం వాళ్ళూ, లంచం తీసుకున్నాడని కొత్తపక్షం వాళ్ళూ చెప్పుకున్నారు. ఆ పళ్ళు ఏసురాజు తిన్నాడు.

సాయంత్రం నాలుగింటికి ఛైర్మన్ గారే గదిలోకి వచ్చారు. వెనకాల ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్ వెనకాల పాతపక్షం పెద్దలు ఇద్దరు.

"మాస్టారూ, పాతదాన్ని ఆపేశారంట. ఎవర్ని అడిగి ఆపారు?"

"అది చాలా నెమ్మదండి. పదిహేడుకి..."

"నెమ్మదైతే మాత్రం? కాలేజీది పాతదని మనమే అనుకుని, నడిపేది కొత్తదైతే ఊళ్ళో మొహమెలా చూపిస్తాం? రెండూ నడవాలి. రోజూ పొద్దున్నే రెండిటి కాగితాలూ స్టాంపు వేసి నోటీసు బోర్డులో పెట్టాలి."

శివరామకృష్ణ మనసులో లెక్కేసుకున్నాడు. ఉన్న పదహారింటినీ రెండు పనులకి పంచితే రెండూ పదిహేడుకి పూర్తికావు. క్లస్టర్ పోతుంది. భయస్తుడికి కూడా జీవితంలో ఒకటో రెండో వాక్యాలు దాచి ఉంటాయి. అందులో ఒకటి ఇప్పుడు ఖర్చుపెట్టాడు.

"కుదరదండి. ఉన్నవి పదహారే కంప్యూటర్లు. రెండూ నడిపితే ముప్పయ్యేళ్ళ లెక్క అవదు. ఇవి మన దగ్గర్నుంచి పట్టుకుపోతారు."

గున్నేశ్వరరావు గారు ఏసీ కింద నిలబడి ఆలోచించారు.

"కంప్యూటర్లే కదా. మన ల్యాబుల్లో నూట ఇరవై ఉన్నాయి. వాటికి కట్టండి పాతదాన్ని."

"సార్, సోమవారం నుంచి పిల్లలకి ఇంటర్నల్స్..." అన్నాడు ప్రిన్సిపాల్.

"ఇంటర్నల్స్ ఎక్కడికి పోతాయండి? ఏసురాజూ, వైర్లు లాగు."

నాలుగు కంప్యూటర్ల కోసం నాలుగేళ్ళు అర్జీలు పెట్టుకున్నవాడికి నాలుగు నిమిషాల్లో నూట ఇరవై వచ్చాయి. తన శాస్త్రాన్ని నమ్మి ఒక్కటీ ఇవ్వనివాళ్ళు, ఊరి మూఢత్వాన్ని నమ్మి అన్నీ ఇచ్చారు. దీనికి సంతోషించాలో ఏడవాలో అతనికి తేలలేదు. తేలేలోపు ఏసురాజు కేబుల్ చుట్ట భుజాన వేసుకుని వచ్చేశాడు. సంతోషించాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. పరీక్షలు వాయిదాపడ్డాయని తెలిసి పిల్లలు రెండు కంపైలర్లకీ జిందాబాద్ కొట్టారు.

ఆ తర్వాత వారం రోజులూ నోటీసు బోర్డు దగ్గర పొద్దున్న ఎనిమిదింటికే జనం. రోజూ అవే కాగితాలు. పాతది పదిహేడున సున్నా. కొత్తది పదిహేడున రెండు వందల పన్నెండు. లెక్క అయిపోయిన నెలని ఎన్నిసార్లు అచ్చుతీసినా అదే వస్తుందని శివరామకృష్ణ చెప్పబోయాడు.

"చూశారా, మాట మీద ఎలా నిలబడిందో," అన్నాడు బుల్లబ్బాయి, తన కాగితం చూపించి.

"మాది మాత్రం మారిందా?" అన్నారు అవతలి పక్షం.

కొత్త కంపైలర్ లెక్క పదిహేనున పూర్తయింది. నూట ఇరవై కంప్యూటర్ల మీద పాతది పదహారు సాయంత్రానికి పూర్తయింది. రెండు ముప్పయ్యేళ్ళూ పక్కపక్కన పెట్టి సగటులు గీసి శివరామకృష్ణ తెర దగ్గరికి వంగి చూశాడు. రోజులు కలవలేదు, నెలలు కలవలేదు. సగటు గీతలు మాత్రం ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. ఆ గీతలు చెప్పేది మంచి కబురు కాదు. ఆ పేజీని మూడు కాపీలు తీసి కమిటీ ఫైల్లో అన్నిటికన్న పైన పెట్టాడు. ప్రిన్సిపాల్ దాని పైన ఛైర్మన్ గారి ఫోటో పెట్టాడు.

పదిహేడున తెల్లవారేసరికి ఆకాశం బూడిదరంగులో ఉంది. ఎటూ తేల్చుకోలేదు. గున్నేశ్వరరావు గారు మాత్రం తేల్చుకున్నారు. గ్రౌండులో సగానికి గుడ్డ షామియానా, సగానికి రేకుల పందిరి వేయించారు. గుడ్డ కింద పాతపక్షం, రేకుల కింద కొత్తపక్షం కూర్చున్నాయి. కమిటీ కారు దిగేసరికి అక్కడ నాలుగు వందల మంది ఉన్నారు. కమిటీకి పెద్ద రమ్యశ్రీ అనే శాస్త్రవేత్త. హైదరాబాదు నుంచి వచ్చింది. కారు దిగి, జనాన్ని చూసి, ధర్నా అనుకుని మళ్ళీ ఎక్కబోయింది.

"ధర్నా కాదండి. కంపైలర్ల కోసం వచ్చారు," అన్నాడు ఏసురాజు, తలుపు పట్టుకుని.

పదకొండింటికి చినుకులు మొదలయ్యాయి. పావుగంట పడి ఆగిపోయాయి. డాబా మీద పెట్టిన వాన కొలిచే గొట్టం ఏసురాజు కిందికి తెచ్చి చూపించాడు. తొమ్మిది మిల్లీమీటర్లు.

"పడిందా, లేదా?" అన్నాడు బుల్లబ్బాయి లేచి నిలబడి. "వాన లేదన్నారు కదా. మరిదేంటండి, ఛైర్మన్ గారు పన్నీరు జల్లించారా?"

"దీన్ని వాన అంటారా? మా షామియానా గుడ్డ తడవలేదు. రెండొందల పన్నెండులో రెండొందల మూడు ఎక్కడికి పోయింది?" అన్నారు గుడ్డ కిందివాళ్ళు.

ఇద్దరూ గెలిచారు. రెండు వైపులా కొబ్బరికాయలు కొట్టారు.

శివరామకృష్ణ ఒక మూల నిలబడి, ఇప్పుడు కమిటీ తనని నిలదీస్తుందని, ఇంత అజ్ఞానానికి కారకుడు ఎవరని అడుగుతుందని అనుకుంటూ, రికార్డు పుస్తకాలు ఎంత ఎత్తుంటాయో లెక్కేసుకుంటున్నాడు. రమ్యశ్రీ తిన్నగా బుల్లబ్బాయి దగ్గరికి వెళ్ళింది.

"మీకు కంపైలర్ అంటే తెలుసాండీ?"

"తెలియకపోవడమేంటండి? మాది కొత్తది. ఎనిమిదేసి బస్తాలు ఒకేసారి తూస్తది. చిటికెడు తేడా వస్తది, అది ఎవరూ తిన్నది కాదు."

ఆవిడ పక్కనున్న సభ్యుల వైపు తిరిగింది. "ఇరవై రెండు సంస్థలు చూశాను. కంపైలర్ వల్ల ఫలితం మారుతుందని తెలిసిన ప్రొఫెసర్లు ముగ్గురు దొరికారు. తెలిసిన రైతులు నాలుగు వందల మంది ఇక్కడే ఉన్నారు." అంటూ ఫోను తీసి జనాన్ని ఫోటో తీసింది. నూట ముప్పై ఆరు కంప్యూటర్లనీ చూసింది. ఒక మోడల్‌ని రెండు కంపైలర్లతో చివరిదాకా నడిపి పోల్చినవాళ్ళు తమ పథకంలో ఇంకెవరూ లేరని రాసుకుంది. ప్రజల భాగస్వామ్యం అన్న గడిలో పదికి పది వేసింది. క్లస్టర్ ఇక్కడే ఉంటుందని, ఇంకోటి కూడా పంపిస్తామని మైకులో చెప్పింది. రెండు పక్షాలూ చప్పట్లు కొట్టాయి. భోజనాల పిలుపు వినపడగానే ఫైలు మూసేసింది. పైనున్న ఛైర్మన్ గారి ఫోటో దాకా తెరిచింది, దాని కింద పేజీ చూడలేదు.

అంతా కలిసొచ్చింది. కావలసింది దక్కింది. శివరామకృష్ణ నోరు మూసుకుని పులిహోర తింటే సరిపోయేది. కానీ ఆ పేజీ ఇంకో కాపీ అతని చేతిలో ఉంది, అడిగేవాళ్ళు లేరు. అడగకుండా మాట్లాడటం అతనికి అలవాటు లేని పని. విస్తర్ల ముందు కూర్చున్న ఛైర్మన్ గారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. మరిచిపోయిన మూడు వాక్యాల చోట కొత్తవి మూడు నోటికొచ్చాయి.

"సార్, రోజుల గురించి రెండు కంపైలర్లూ కొట్టుకున్నాయి గానీ, ముప్పయ్యేళ్ళ సంగతిలో రెండూ ఒకటే చెప్తున్నాయండి. అక్టోబరులో కుండపోత పడే రోజులు రెట్టింపవుతాయి. మనం పూడ్చిన పల్లం లాంటి చోట్ల ఆ నీళ్ళు నిలబడతాయి, హాస్టల్ ఇంకో చోట కట్టుకుంటే మంచిదండి."

గున్నేశ్వరరావు గారు వడ తుంచబోయి ఆగారు. పేజీ తీసుకుని, రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి ఉండటం చూశారు. వేలితో వాటిని విడదీయడానికన్నట్టు ఒకసారి రాసి చూశారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"రెండూ కలిసిపోయాయంటారు."

"కలిసిపోయాయండి."

"అయితే మాస్టారూ, మూడో కంపైలర్ ఏదైనా ఉందేమో కనుక్కోండి."